ఎవరి బుట్టలో ఏ పండ్లు?

గృహసీమ

 

పెద్దలను, పసిపిల్లలను, రోగులను చూడబోయేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్ళకూడదన్నది అమ్మమ్మలు, నాయనమ్మలు మనకు నేర్పిన పాఠం. బస్సు దిగి నాలుగడుగులు వెనక్కి నడవవలసి వచ్చినా సరే, ఒక డజను అరటిపండ్లు సంచిలో వేసుకొని గాని వారు చుట్టాలింటి గడప తొక్కేవారు కారు. ఆ అలవాటు నేటికీ మనలో నిలిచి ఉంది. క్రిస్మస్, నూతన సంవత్సరం వస్తే పాస్టరుగారింటికి పండ్ల బుట్టలు వెళ్తాయి. గృహప్రతిష్ఠ కూడికలకు వెళ్తాయి. ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారని తెలిస్తే ఆపిల్ పండ్లు, బత్తాయిలు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు తప్పనిసరి. ఇప్పుడైతే ఫోనులోనే డబ్బు చెల్లించి, రంగు కాగితం చుట్టి రిబ్బను కట్టిన బుట్టను నేరుగా వారింటికే పంపించే సౌకర్యం కూడా వచ్చింది.

మిఠాయి పెట్టెకంటె, శీతల పానీయాల సీసాలకంటె పండ్లు మేలైన కానుక అనడంలో సందేహం లేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, ప్రతి ఒక్కరూ రోజుకు 400 గ్రాముల కూరగాయలతోపాటు 100 గ్రాముల పండ్లు తినాలని చెప్పింది. 100 గ్రాములంటే ఒక మోస్తరు జామపండు. ఆ ఒక్క పండైనా దినదినం దొరకని ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటికి పండ్లు తీసుకొని వెళ్ళటం నిజంగా ఆరోగ్యాన్ని తీసుకొని వెళ్ళటమే.

అయితే ఒక్క మాట. పండు మంచిదే గాని, అన్ని పండ్లూ అందరికీ అన్నివేళలా మంచివి కావు. మనం ప్రేమతో తీసుకువెళ్ళిన పండే ఒక్కొక్కప్పుడు రోగికి ప్రమాదం తెచ్చిపెడుతుంది. అందుకని అంగడికి వెళ్ళకముందే, ఆ పండ్లు తినబోయే మనిషిని ఒక్క నిమిషం మనస్సులో నిలుపుకోవాలి. ఈ నెల మన ముచ్చట దానిని గురించే.

గ్రంథంలోని బుట్టలు

పండ్లు కానుకగా ఇవ్వటం ఈనాటి ఆచారం కాదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం తెరచి చూడండి. కొత్త దేశంలో స్థిరపడిన ఇశ్రాయేలీయుడు తన భూమిలో పండిన ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకొని యాజకుని యొద్దకు తేవాలి. అంతటితో ఆ విధి ముగియలేదు. ఆ ఇంటివారితోపాటు లేవీయులు, వారి మధ్యనున్న పరదేశులు కూడా ఆ మేలును బట్టి సంతోషించాలని అక్కడ ఉంది. గంప యాజకుని ముందుకు వెళ్ళినా, సంతోషం మాత్రం పరదేశి వరకు చేరాలన్నమాట.

మరొక చిన్న సంగతి సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయంలో ఉంది. జబ్బు పడ్డాడని యజమాని విడిచిపెట్టి వెళ్ళిపోయిన ఒక ఐగుప్తు యువకుడు పొలంలో దావీదు మనుషులకు కనబడ్డాడు. మూడు దినాలుగా అతనికి అన్నమూ లేదు, నీళ్ళూ లేవు. వారు అతనికి రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, తరువాత కాస్త అంజూరపు ముక్క, రెండు ద్రాక్ష గుత్తులు ఇచ్చారు. అతనికి ప్రాణం లేచి వచ్చింది. చూడండి, అక్కడ పెద్ద బుట్ట లేదు, అలంకారం లేదు. ఆ ఘడియలో ఆ మనిషికి ఏది కావాలో అదే, అతను తినగలిగినంతే ఇచ్చారు. పండ్ల కానుకకు ఇంతకంటె మంచి కొలత మరొకటి లేదు.

కిడ్నీ రోగి మంచం పక్కన

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలు ఇందులోకి వస్తాయి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నుల పండువుగా ఉండే సీమ. అదే సీమలో ఎన్నో ఏళ్ళుగా వేలాదిమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. కారణమేమిటో నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో ఆ రోగుల కోసమే పలాసలో 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైంది. ఉద్దానం ఒక్కటే కాదు, నేడు డయాలసిస్ చేయించుకొనేవారు లేని పట్టణం మన రాష్ట్రాలలో ఎక్కడా లేదు.

అలాంటి రోగిని చూడటానికి వెళ్ళేవారు సాధారణంగా ఏమి తీసుకొని వెళ్తారు? కొబ్బరి బొండాలు, బత్తాయిలు, అరటిపండ్లు. "నీరసంగా ఉన్నావు, ఈ బొండం తాగు బాబూ" అని ప్రేమగా అందిస్తారు. ఆ ప్రేమలో లోపమేమీ లేదు. అయితే ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు అవసరానికి మించిన పొటాషియాన్ని బయటికి పంపివేస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు ఆ పని చేయలేవు. అది రక్తంలో పెరిగిపోతే గుండె కొట్టుకొనే తీరు తప్పుతుంది. మరీ ఎక్కువైతే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

అరటి, బత్తాయి, కమలా, దానిమ్మ, మామిడి, జామ, ఎండు ఖర్జూరం, ఎండు ద్రాక్ష - ఇవన్నీ పొటాషియం బాగా ఉన్న పండ్లే. ఆపిల్, అనాస, బేరిపండు వంటివాటిలో తక్కువ. పుచ్చకాయలో పొటాషియం తక్కువే గాని, నీరు ఎక్కువ. డయాలసిస్ రోగికి రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలన్న హద్దు ఉంటుంది గనుక అదీ ఆలోచించి ఇవ్వవలసినదే. ఇక కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్‌ఫ్రూట్ ఉన్నది చూశారా, దానిని కిడ్నీ జబ్బు ఉన్నవారి దరికి చేరనీయకూడదు. అందులోని ఒక విషపదార్థం వారి మెదడు మీద పనిచేసి ఫిట్స్ తెప్పించగలదు. ఇటీవల రంగురంగుల బుట్టలలో అందం కోసం ఈ పండును కూడా పెడుతున్నారు గనుక జాగ్రత్త.

ఏ రోగికి ఎంతవరకు అన్నది రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెప్పవలసిన మాట. మనం చేయవలసినది ఒక్కటే, వెళ్ళేముందు ఇంటివారిని అడగటం. ఇందులో మొహమాటం దేనికి?

"వదినా, అన్నయ్యను చూడటానికి రేపు వస్తున్నాం. పండ్లు ఏమైనా తినవచ్చునన్నారా డాక్టరుగారు?"

"కమలాలు, కొబ్బరినీళ్ళు వద్దన్నారమ్మా. రోజూ సగం ఆపిల్ పెట్టమన్నారు."

"సరే, అయితే రెండు ఆపిల్ పండ్లే తెస్తాను. మరి నీకేం తేను? రాత్రింబగళ్ళు అక్కడే కూర్చుంటున్నావు, ఏమైనా తింటున్నావా అసలు?"

ఈ చివరి ప్రశ్న చూశారా! రోగి పక్కన చాప వేసుకొని పడుకొనే భార్యను, తల్లిని, కొడుకును ఎవరూ అడగరు. క్యాంటీను టీతో, నాలుగు బిస్కెట్లతో వారు రోజులు గడుపుతుంటారు. రోగికి పండ్లు వద్దన్నప్పుడు, ఆ కనిపెట్టుకొని ఉన్నవారికి నాలుగు అరటిపండ్లు, రెండు జామపండ్లు ఇచ్చి రండి. ఆ కానుక వృథా కాదు. రోగికి కూడా అది మనశ్శాంతినిస్తుంది. అయితే ఒక సంగతి, రోగి ఎదుట వాటిని పరచిపెట్టి ఆయనకు ఆశ కల్పించకండి.

షుగరు ఉన్నవారికి

"ఆయనకు షుగరు, పండ్లు వద్దులే" అని చెప్పి బిస్కెట్ల ప్యాకెట్టు, పాలపొడి డబ్బా పట్టుకొని వెళ్ళేవారున్నారు. ఇది నవ్వవలసిన సంగతి కాదు, చాలామందిలో ఉన్న అపోహ. మైదాతో, చక్కెరతో చేసిన బిస్కెట్లకంటె ఒక జామపండు వారికి ఎన్నో రెట్లు నయం. పండులో తీపితోపాటు పీచు కూడా ఉంటుంది. ఆ పీచు తీపిని రక్తంలో మెల్లగా కలిసేటట్లు చేస్తుంది.

జామ, నేరేడు, ఆపిల్, బొప్పాయి, కమలా - వీటిని మితంగా తినవచ్చు. మామిడి, సపోటా, సీతాఫలం, బాగా మాగిన అరటి అయితే డాక్టరు చెప్పిన హద్దులో, చిన్న ముక్క. పండ్ల రసం మాత్రం వద్దు. మూడు బత్తాయిల తీపి ఒక్క గ్లాసులోకి దిగుతుంది, పీచు పిప్పితో వెళ్ళిపోతుంది. అందుచేత షుగరు ఉన్నవారికి రసం డబ్బాలు కానుకగా తీసుకొని వెళ్ళకండి. వాటి మీద పండు బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే.

బాలింతలు, వృద్ధులు, మందులు వాడేవారు

గర్భిణులకు, బాలింతలకు జామ, కమలా, బత్తాయి, ఉసిరి చాలా మంచివి. డాక్టర్లు వారికి ఐరన్ మాత్రలు ఇస్తారు గదా! విటమిన్ సి ఉన్న పండు దానికి తోడైతే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తహీనతతో బాధపడే మన ఆడపిల్లలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. గర్భిణి ఉన్న ఇంటికి బొప్పాయి మాత్రం తీసుకొని వెళ్ళవద్దు. పచ్చి బొప్పాయి పాలు గర్భిణులకు మంచివి కావు. బాగా పండినదానితో భయం లేదని చెప్పినా, ఆ ఇంటి పెద్దల మనస్సు కలత చెందుతుంది. మన కానుక వారింట్లో వాదనకు కారణం కాకూడదు గదా.

పసిబిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదు. బుట్టలో అందం కోసం తేనె సీసా పెట్టేవారు గుర్తుంచుకోవాలి, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు.

వృద్ధుల దగ్గరికి వెళ్ళేటప్పుడు వారి పళ్ళ సంగతి తలచుకోండి! గట్టి ఆపిల్ పండ్లు, గింజల జామకాయలు వారికి చూసి సంతోషించటానికే పనికివస్తాయి. మెత్తని బొప్పాయి, అరటి, సపోటా, మాగిన మామిడి అయితే చంచాతో తినగలరు. వారికి చేతులు వణుకుతుంటే కత్తితో కోసే అవసరం లేని పండ్లే తేవాలి. వీలైతే మనమే కోసి, గిన్నెలో పెట్టి, వారు తినేంతవరకు కూర్చొని రెండు మాటలు మాట్లాడి రావాలి. పిల్లలు దూరదేశాలలో ఉన్న ముసలి దంపతులకు ఆ పండుకంటె ఆ పది నిమిషాలే ఎక్కువ తీపి.

మరొక విషయం. కొలెస్టరాల్ తగ్గించే కొన్ని మందులు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు గ్రేప్‌ఫ్రూట్ అనే పుల్లని పండుతో పొసగవు. మన పంపర పనస దానికి దగ్గరి బంధువే. ఆ మందులు వాడేవారు డాక్టరును అడిగి తినటం మంచిది. క్యాన్సరు చికిత్స పొందుతూ ఒంట్లో శక్తి తగ్గినవారికి కోసిన పండ్లు, ద్రాక్ష వంటివి కాక, మందమైన తొక్క ఉండి ఒలిచి తినేవి మేలు. ఏవి తినవచ్చో వారినీ ముందే అడగాలి. ఇక డెంగీ జ్వరం వచ్చిందంటే చాలు, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని కివి పండ్లు, డ్రాగన్ పండ్లు ఎంత ధరైనా పెట్టి కొంటున్నారు. పండు తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. తింటే తప్పు లేదు గాని, పండును నమ్ముకొని ఆస్పత్రికి వెళ్ళటం ఆలస్యం చేయకూడదు.

ఖరీదైనదే గొప్పదా?

బజారులో తయారుచేసి పెట్టిన బుట్టలు చూడండి. విదేశీ ఆపిల్, కివి, ఎర్ర ద్రాక్ష, మధ్యలో ఒక డ్రాగన్ పండు. మనం ఇచ్చే డబ్బులో కొంత బుట్టకు, మెరుపు కాగితానికి, రిబ్బనుకు పోతుంది. మన ఊరి పండ్లు ఇస్తే చిన్నతనంగా ఉంటుందని చాలామంది బాధ.

లెక్క చూద్దాం. 100 గ్రాముల జామపండులో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు. అంతే తూకం కమలాపండులో 50 లోపు. ఆపిల్‌లో 5 ఉంటే ఎక్కువ. అంటే పేదవాడి ఆపిల్ అని మనం పిలుచుకొనే జామకాయ, ఆ ఒక్క విషయంలో అసలు ఆపిల్‌కు నలభై రెట్లు పెద్దది! పైగా నిన్న చెట్టు మీద ఉన్న పండు నేడు మన చేతికి వస్తుంది. ఆపిల్ నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వస్తుంది. ఆపిల్ చెడ్డదని కాదు, దాని ధర చూసి అదే బలమని అనుకోవద్దని చెప్పటమే.

మన రెండు రాష్ట్రాలలో ఏ నెలలోనూ పండ్లకు కొదువ లేదు. ఎండాకాలంలో నూజివీడు రసాలు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి, తాటి ముంజెలు. తొలకరికి నేరేడు. దసరా నాటికి పాలమూరు సీతాఫలం. చలికాలం జామ, సంక్రాంతికి రేగుపండ్లు. ఇంకా అనంతపురం చీనీ, నల్లగొండ బత్తాయి, కోనసీమ చక్రకేళి, రైల్వే కోడూరు బొప్పాయి, సింహాచలం అనాస. కాలానికి తగిన పండు చవకగా దొరుకుతుంది, రుచిగా ఉంటుంది. పట్నంలో స్థిరపడిన కోనసీమవారికి ఒక అత్తం చక్రకేళీలు తీసుకొని వెళ్ళి చూడండి, వారి ముఖం ఎలా వెలుగుతుందో!

మామిడి విషయంలో మాత్రం కార్బైడు గురించి జాగ్రత్త వహించాలి. కాల్షియం కార్బైడుతో పండ్లు మాగబెట్టటం మన దేశంలో నిషిద్ధం. 2011 ఆహార భద్రతా నిబంధనలలో ఈ విషయం స్పష్టంగా ఉంది. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ వంటి విషాలు కలిసి ఉండవచ్చు. హద్దుకు లోబడి ఎథిలీన్ వాయువుతో మాగబెట్టటానికి అనుమతి ఉంది. పైకి పసుపు రంగు అంతటా ఒకేలా ఉండి, లోపల గట్టిగా, పుల్లగా, వాసన లేకుండా ఉంటే అనుమానించాలి. అన్నిటికంటె మంచి మార్గం ఒకటుంది. పక్వానికి వచ్చిన కాయలనే కొని, బుట్టలో వరిగడ్డి పరచి, కాయలు సర్ది, "నాలుగైదు రోజుల్లో మాగుతాయి" అని చెప్పి ఇవ్వండి. మాగుతున్న మామిడి వాసన ఇల్లంతా నిండుతుంటే, తినకముందే ఆ కానుక సంతోషపెడుతుంది.

బుట్ట సర్దటం

ఇంట్లోనే బుట్ట సర్దటం ఏమంత కష్టం కాదు. మేదరివారి దగ్గర వెదురు బుట్ట కొనండి. పండ్లు అయిపోయిన తరువాత ఆ ఇంటివారికి ఉల్లిపాయలు పోసుకోవటానికైనా పనికివస్తుంది. కష్టపడి అల్లినవారికి నాలుగు రూపాయలు దక్కుతాయి. అడుగున వరిగడ్డి గాని, పాత వార్తాపత్రిక మీద శుభ్రమైన గుడ్డ గాని పరచాలి. బరువైనవి అడుగున, మెత్తనివి పైన. పండ్లు ముందుగా కడిగితే పూర్తిగా ఆరబెట్టాకే సర్దాలి, తడి ఉంటే బూజు పడుతుంది. మెరుపు కాగితం గాలి ఆడకుండా బిగించి కట్టటం కూడా అందుకే మంచిది కాదు.

పండ్లు ఎంచుకోవటంలో ఒక చిన్న ఉపాయం ఉంది. కొన్ని ఈ రోజే తినేవి, కొన్ని ఎల్లుండికి మాగేవి, కొన్ని వారం నిలిచేవి ఉండేటట్లు చూడండి. రెండు మాగిన బొప్పాయి కాయలు, అర డజను దోర జామకాయలు, నాలుగు దానిమ్మలు అన్నట్లుగా. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం, బొప్పాయి వంటివి కోసిన తరువాత కూడా మాగుతాయి గనుక కొంచెం దోరగా ఇవ్వవచ్చు. ద్రాక్ష, కమలా, బత్తాయి, దానిమ్మ, అనాస కోసిన తరువాత తీపెక్కవు. వాటిని తినటానికి సిద్ధంగా ఉన్నవే కొనాలి. మాగిన అరటిపండ్లనుండి, ఆపిల్‌నుండి వచ్చే వాయువు పక్కనున్న కాయలను త్వరగా మాగిస్తుంది. అందుచేత అరటి అత్తాన్ని వేరే సంచిలో ఇవ్వటం మంచిది.

ఇంట్లో ఎందరున్నారో కూడా చూసుకోవాలి. ఇద్దరే ఉన్న ఇంటికి అయిదు కిలోల బుట్ట పంపితే అది కానుక కాదు, వారి నెత్తిన బరువు. కుళ్ళిపోతుంటే పారవేయలేక, తినలేక వారు పడే బాధ మనకు తెలియదు.

ఎవరూ బుట్ట పంపని ఇల్లు

ఈ సందర్భంలో మన సంఘాల అలవాటు ఒకటి ఆలోచించవలసి ఉంది. జనవరి 1వ తేదీన పాస్టరుగారింట్లో చూస్తే పండ్లు గుట్టలుగా ఉంటాయి. అమ్మగారు వాటిని ఎవరెవరికి పంచాలా అని తంటాలు పడుతుంటారు. అదే మార్చి నెలలో, పరీక్షలకు చదువుకొంటున్న ఆ ఇంటి పిల్లలకు ఒక్క పండు ఉందా అని ఎవరూ అడగరు. అందరూ ఒకే రోజున పంపేకంటె, పన్నెండు కుటుంబాలు మాట్లాడుకొని నెలకొకరు చొప్పున పంపితే ఆ ఇంట్లో ఏడాదంతా పండ్లుంటాయి. ఖర్చు అంతే, మేలు మాత్రం పదింతలు.

కోతకాల పండుగలో మనం ఆలయానికి అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు తెస్తాం. ఆరాధన తరువాత వేలం పాడతాం. వంద రూపాయల గెలను పంతం కొద్దీ వెయ్యికి పాడినవారూ ఉంటారు. ఆ సొమ్ము సంఘానికి చేరుతుంది, మంచిదే. మరి పాడుకొన్న ఆ గెల ఏమవుతుంది? ఇంటికి తీసుకొని వెళ్తే అన్నీ ఒకేసారి మాగి సగం పాడవుతాయి. ఈసారి ఒక పని చేయండి. ఆ రోజు ఆలయానికి రాలేకపోయినవారు ఎవరో చూడండి. మంచం పట్టిన ముసలమ్మ, పక్షవాతం వచ్చిన పెద్దాయన, భర్తను పోగొట్టుకొని ఏడాదైన చెల్లెలు. హస్తం చొప్పున కోసి, ఆ సాయంత్రమే పిల్లలచేత వారి ఇళ్ళకు పంపండి. గంపలోని ప్రథమ ఫలం పరదేశి వరకు చేరాలన్న మాట అప్పుడు మన వీధిలో నెరవేరుతుంది.

మరణం సంభవించిన ఇంటిని కూడా మరువవద్దు. మొదటి మూడు రోజులు అందరూ అన్నం తెస్తారు. పదిహేను రోజుల తరువాత, చుట్టాలు వెళ్ళిపోయాక, ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిన మనిషికి వంట చేసుకోబుద్ధి కాదు. పొయ్యి వెలిగించకుండానే తినగలిగినది పండు ఒక్కటే. నాలుగు అరటిపండ్లు పట్టుకొని వెళ్ళి, ఒకటి ఒలిచి చేతికిచ్చి, "ఇది తినండి అమ్మా" అని పక్కన కూర్చోండి. అలాగే ఇంటికి దూరంగా హాస్టళ్ళలో చదువుకొనే పిల్లలు, ఊరు విడిచి పనికి వచ్చిన కూలీల పిల్లలు. వీరి పేర్లు మన కానుకల జాబితాలో సాధారణంగా ఉండవు. ఈ నెల ఒక్క పేరైనా చేర్చి చూడండి.

వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

రోగి దగ్గరికైతే ముందుగా ఇంటివారిని అడగండి. ఏమి తినవచ్చు, ఏమి తినకూడదు అన్నది ఒక్క ఫోనుతో తేలిపోతుంది.

ఆపరేషను జరిగినవారికి డాక్టరు నోటితో తినవచ్చునని చెప్పేవరకు ఏమీ పెట్టవద్దు. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అని బలవంతం చేయటం ప్రేమ కాదు.

ఐ.సి.యు.లోకి పండ్లు తీసుకొని వెళ్ళకండి. బయట కూర్చొన్నవారికి ఇవ్వండి.

కోసి పెట్టేటప్పుడు చేతులు, కత్తి, పండు మూడూ శుభ్రంగా కడగండి. కోసిన ముక్కలు గంటల తరబడి మూత లేకుండా ఉంచవద్దు. ఆస్పత్రి బయట కోసి అమ్మే ముక్కలు రోగికి అసలే వద్దు.

మీకు వచ్చిన పండ్లు ఎక్కువైతే పాడవకముందే పక్కింటికి పంపండి. పాడైన తరువాత పంపేది కానుక కాదు.

సహోదరీ సహోదరులారా! పండ్ల బుట్ట ఇవ్వటానికి ధనవంతులం కానక్కరలేదు. ఎదుటి మనిషి ఒంటి సంగతి, ఇంటి సంగతి కాస్త తెలుసుకొని, ఆ రోజు వారికి తగిన రెండు పండ్లు పట్టుకొని వెళ్తే చాలు. "నన్ను గురించి ఆలోచించి తెచ్చారు" అని వారికి తెలుస్తుంది. మీ ఇంటి చుట్టుపక్కల ఏ పండ్లు ఏ కాలంలో దొరుకుతాయో పిల్లలచేత ఒక కాగితం మీద వ్రాయించి వంటింట్లో అంటించండి. దాని పక్కనే, ఈ నెలలో చూడవలసిన వారి పేర్లు కూడా వ్రాయించండి. ఆ రెండు జాబితాలూ కలిపి చూస్తే, ఎవరి బుట్టలో ఏ పండ్లు ఉండాలో మీ పిల్లలే చెప్పగలుగుతారు.

వచ్చే నెల మరొక విషయంతో కలుసుకొందాం.